పశువైద్యంలో డిజిటల్ సాధనాలు: కణేకల్ ప్రాంతం

పశువును గుర్తుపట్టడం, కేసు రాసుకోవడం, జబ్బును పోల్చుకోవడం, మందు మోతాదు లెక్కకట్టడం, రోగం ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టడం, ఫీజు తీసుకోవడం. పశువైద్యుడి రోజు ఈ పనులతోనే గడుస్తుంది. వీటికి అక్కరకొచ్చే ఫోన్ యాప్‌లు, చిప్‌లు, సెన్సర్లు, స్కానింగ్ యంత్రాలు, డేటాబేస్‌లన్నీ కలిపి పశువైద్య డిజిటల్ సాధనాలు. ఇవి బాగా ఎదిగిన శాఖల్లో అశ్వవైద్యం ఒకటి. పందెపు గుర్రం ఖరీదు లక్షల్లో ఉంటుంది కాబట్టి దాని కాలినొప్పి కనిపెట్టే సెన్సరుకు డబ్బు పెట్టడానికి యజమాని వెనకాడడు. అనంతపురం జిల్లా పడమటి కొసన, బళ్లారి సరిహద్దుకు ఆనుకుని ఉన్న కణేకల్ మండలంలో వైద్యుడి ముందుకు వచ్చేవి గొర్రె, మేక, ఎనుము, ఎద్దు. గుర్రం అరుదు. గాడిద ఏటేటా తగ్గిపోతోంది. గుర్రం కోసం తయారైన సాధనాల్లో ఏవి ఈ నేలమీద నిలబడతాయి, గొర్రెల మందకు ఏవి కొత్తగా కావాలి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ప్రాంతం, పశుసంపద

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలో అతి తక్కువ వానపడే జిల్లాల్లో ఇదొకటి. కణేకల్, బొమ్మనహాళ్ మండలాల పక్కనుంచి పారే వేదవతి నది (హగరి అని కూడా అంటారు) చాలాకాలం ఇసుకపర్రగానే ఉంటుంది. నైరుతి గాలికి ఆ ఇసుక లేచి ఒడ్డున దిబ్బలు కడుతుంది, పొలాల మీద పరుచుకుంటుంది. అదే మండలంలో తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు వచ్చిన చోట వరి పచ్చగా పండుతుంది, చెరువు నిండుతుంది. ఒకే మండలంలో ఎడారి అంచు, మాగాణి రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పశువైద్యుడికి ఈ తేడా చాలా ముఖ్యం. కాలువ కింద తడినేలల్లో నత్తలు పెరుగుతాయి, వాటితో జలగవ్యాధి వస్తుంది. బురదలో కుట్టే చిన్న ఈగలు పుడతాయి. ఇసుక వైపు మేత కరువు, కంపచెట్ల ముళ్ల గాయాలు, ఎండదెబ్బ. పది కిలోమీటర్లు దాటేసరికి జబ్బుల జాబితా మారిపోతుంది.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ (సుమారు 1.91 కోట్లు) మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ (సుమారు 1.76 కోట్లు) రెండో స్థానంలో ఉన్నాయి. రాష్ట్రంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో అనంతపురం ముందువరసలో నిలుస్తుంది. కురుబలు, ఇతర కాపరి కుటుంబాలు తరతరాలుగా ఈ మందలను పోషిస్తున్నాయి. అదే గణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలే తేలాయి. 2012లో అవి 6.2 లక్షలకు పైనే. గాడిదలు 3.2 లక్షల నుంచి 1.2 లక్షలకు పడిపోయాయి. బరువులు మోయడానికి ఆటోలు, ట్రాక్టర్లు వచ్చాక బట్టల మూటలు మోసిన గాడిదకు పని పోయింది. జట్కాబండితోపాటు దాన్ని లాగిన పోనీ కూడా మన ఊళ్లలోంచి వెళ్లిపోయింది. తెలుగునాట గుర్రపు వైద్యం ఇప్పుడు ముఖ్యంగా హైదరాబాదు మలక్‌పేట పందెపు మైదానం, పోలీసు అశ్వదళం, పెళ్లి ఊరేగింపుల గుర్రాల చుట్టూ తిరుగుతోంది. మలక్‌పేటకు పందేలు 1886లో మౌలాలి నుంచి వచ్చాయి.

గుర్తింపు: అన్నిటికీ పునాది

ఏ డిజిటల్ సాధనమైనా మొదట అడిగేది 'ఇది ఏ పశువు?' అనే. దానికి జవాబు లేకపోతే టీకా లెక్క, చికిత్స చరిత్ర, బీమా ఏదీ నిలబడదు.

గుర్రం విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పటినుంచో వెతుకుతున్నారు. మనుమంచి భట్టు రాసిన 'హయలక్షణ విలాసము' తెలుగులో వచ్చిన అశ్వశాస్త్ర గ్రంథం. అశ్వశాస్త్ర సంప్రదాయంలో గుర్రం ఒంటిమీది సుళ్లకు పెద్దపీట వేశారు. నుదుట ఎన్ని సుళ్లున్నాయి, మెడమీద ఎక్కడున్నాయి అన్నది చూసి గుర్రం మంచిచెడ్డలు చెప్పేవారు. ఆ శకునాలు ఇవాళ ఎవరికీ అక్కర్లేదు గాని, ఆ చూపు మాత్రం అక్కరకొచ్చింది. నేటి గుర్రపు పాస్‌పోర్టులో ఉండే బొమ్మమీద వైద్యుడు సుళ్ల స్థానాలను గుర్తు పెడతాడు, ఎందుకంటే రంగు కలిసిన రెండు గుర్రాలకు కూడా సుళ్లు ఒకేలా ఉండవు. దీనికి తోడు మైక్రోచిప్ ఉంటుంది. సుమారు 12 మిల్లీమీటర్ల పొడవున్న గాజుగొట్టాన్ని మెడ ఎడమవైపు, జూలు కిందుగా ఉండే గట్టి నరపు పట్టీలోకి సూదితో ఎక్కిస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, రీడరు తెరమీద 15 అంకెలు చూపిస్తుంది. భారతదేశపు సంకేతం 356. చిప్‌కు సొంత బ్యాటరీ ఉండదు. రీడరు దగ్గరకు తెచ్చినప్పుడు దాన్నుంచి అందే శక్తితోనే పనిచేస్తుంది కనుక గుర్రం బతికినంతకాలం ఉంటుంది.

ఆవు, ఎనుము, గొర్రె, మేకలకు మన దేశంలో ఎంచుకున్న దారి చెవి ట్యాగు. పసుపుపచ్చ ప్లాస్టిక్ ట్యాగుమీద 12 అంకెల సంఖ్య, బార్‌కోడు ఉంటాయి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ (ఎన్‌డీడీబీ) తయారుచేసిన ఇనాఫ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ సంఖ్యమీద కృత్రిమ గర్భధారణ, టీకా, చికిత్స నమోదయ్యేవి. 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లా నివారణకు జాతీయ కార్యక్రమం మొదలయ్యాక ట్యాగులు ఊరూరా చేరాయి. ఇప్పుడు ఆ స్థానంలో భారత్ పశుధన్ వేదిక నడుస్తోంది. 2024 మార్చి 2న బిహార్‌లోని బెగుసరాయ్‌లో ప్రధానమంత్రి దాన్ని ప్రారంభించారు. క్షేత్ర సిబ్బంది ఫోన్‌లో యాప్ తెరిచి ట్యాగు బార్‌కోడును కెమెరాకు చూపిస్తే ఆ పశువు చరిత్ర ముందుకొస్తుంది.

పాడి ఎనుముకు ఇది చక్కగా సరిపోతుంది. అది ఒకే కొట్టంలో ఉంటుంది, యజమాని ఒకడే, ఏళ్ల తరబడి అక్కడే. గొర్రె సంగతి వేరు. కంపలో దూరి మేసే గొర్రె చెవి ట్యాగు ముల్లుకు చిక్కితే చెవితో సహా చిరుగుతుంది. వానాకాలంలో ట్యాగు వేసిన రంధ్రం పచ్చిగా ఉంటే ఈగ వాలి పురుగులు పడతాయి. పొట్టేలు పిల్ల కొన్ని నెలలకే సంతకు పోతుంది. అందుకే మందలకు ట్యాగు వేసేవారు ఎండ పొడిగా ఉన్న నెలల్లో వేయాలి, చెవి నరాలను తప్పించి మధ్యభాగంలో గుచ్చాలి, అప్లికేటర్ సూదిని మందుద్రావణంలో ముంచుతూ ఉండాలి. ఈ జాగ్రత్తలు తీసుకున్న మందల్లో కాపరులు ట్యాగును వ్యతిరేకించరు. చెవి కోసి గుర్తు పెట్టుకోవడం, ఊలుమీద రంగు పూయడం వాళ్లు తాతల నాటి నుంచీ చేస్తున్న పనే.

కేసు రికార్డు, ప్రాక్టీసు నిర్వహణ

విదేశాల్లో గుర్రాల వైద్యులు వాడే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లు చాలా ఉన్నాయి. 2006లో న్యూజీలాండ్‌లో మొదలైన ఈజీవెట్, అమెరికాలో అశ్వవైద్యుల కోసమే తయారైన హిప్పోమేనేజర్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఓపెన్‌వీపీఎంఎస్ అందులో కొన్ని. చివరిది అందరికీ ఉచితంగా దొరికే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్. అపాయింట్‌మెంట్లు, పొలాల దగ్గరికి వెళ్లే దారి, వాడిన మందుల లెక్క, బిల్లు, ఎక్స్‌రే చిత్రాలు అన్నీ ఒకేచోట ఉంటాయి. అశ్వవైద్యుడు ఆస్పత్రిలో కూర్చుని చేసే పని తక్కువ, వాహనంలో తిరుగుతూ చేసే పని ఎక్కువ. కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్‌లు మొదటినుంచీ ఫోన్‌మీద, దారిలో వాడుకునేలా రూపుదిద్దుకున్నాయి. కణేకల్ వైద్యుడికి కూడా సరిగ్గా అదే అవసరం.

అయితే వీటిలో ఒక మౌలికమైన లోటు ఉంది. వీటిలో రికార్డు చాలామటుకు ఒక్క పశువు పేరుమీదే తెరుచుకుంటుంది. రెండువందల గొర్రెల మందలో ముప్పై కుంటుతున్నాయి, అయిదు చచ్చాయి, మిగతావాటికి మందు పోశాం అన్న సంగతిని వీటిలో రాయాలంటే కష్టం. ఇక్కడ వైద్యం చేసేది మందకు. కాబట్టి రికార్డు కూడా మంద పేరుమీదే తెరుచుకోవాలి. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కోబో టూల్‌బాక్స్, ఎపికలెక్ట్5 వంటి ఉచిత సాధనాల్లో వైద్యుడే తనకు కావలసిన ఫారం తయారుచేసుకోవచ్చు. సిగ్నల్ లేని పొలంలో నింపి, ఊళ్లోకి వచ్చాక పంపవచ్చు. కోబోకు మూలమైన ఓపెన్ డేటా కిట్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఇంటర్నెట్ అందని పల్లెల్లో పనిచేసేవాళ్ల కోసమే దాన్ని తయారుచేశారు.

అలాంటి ఫారంలో ఉండాల్సినవి తక్కువే: మంద యజమాని పేరు, ఊరు, ఆరోజు మంద నిలిచిన చోటు (ఫోన్ జీపీఎస్‌తో వచ్చే గుర్తు), గొర్రెలు ఎన్ని, పొట్టేళ్లు ఎన్ని, పిల్లలు ఎన్ని, జబ్బుపడినవి, చచ్చినవి, కనిపించిన లక్షణాలు, చివరిసారి వేసిన టీకా, పోసిన నట్టల మందు పేరు. జబ్బు పేరు దగ్గర కాపరి చెప్పిన మాటను అలాగే రాసే గడి ఒకటి, వైద్యుడి నిర్ధారణకు వేరే గడి ఒకటి ఉండాలి. మూతివాపు, పారుడు, చిటుకరోగం, బొబ్బరోగం, గాలికుంటు అని కాపరి చెప్పే లక్షణాలు చాలాసార్లు ల్యాబు ఫలితంతో సరిపోతాయి. ముసరరోగాన్ని (రిండర్‌పెస్ట్) ప్రపంచం నుంచి తుడిచిపెట్టిన కార్యక్రమంలో చివరి దశ నిఘా చాలామటుకు పశుపోషకుల మాటలమీదే నడిచింది. భారతదేశానికి 2006లో ముసరరోగం లేని దేశంగా గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం మొత్తానికీ ఆ ప్రకటన వెలువడింది.

ఇలా రెండేళ్లు నింపిన పట్టిక ఒకటి చేతిలో ఉంటే ఆ మండలానికి అంతకు మించిన సాధనం ఉండదు. కింద చెప్పబోయే హెచ్చరిక వ్యవస్థలు, యాప్‌లు అన్నీ దానిమీద ఆధారపడినప్పుడే పూర్తిగా ఫలిస్తాయి. బదిలీ అయి వచ్చే వైద్యుడికి ముందున్నవారి పట్టిక అందడం అందుకే చాలా అవసరం. ఫోన్‌తో పాటు పట్టిక కూడా పోకుండా దాన్ని ఆస్పత్రి ఖాతాలో దాచాలి, వ్యక్తిగత ఖాతాలో కాదు.

ఫొటో, వీడియో, సెన్సరు

పల్లెల్లో అన్నిటికంటే ఎక్కువ వాడుతున్న పశువైద్య సాధనం వాట్సాప్. కాపరి కొడుకు ఫొటో తీసి పంపుతాడు, వైద్యుడు చూసి జవాబిస్తాడు. తీసే తీరు సరిగా ఉంటే ఈ ఫొటో ఎంతో పనికొస్తుంది. గొర్రె మూతి వాచిందన్న ఫొటో ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. నాలుగు చిత్రాలు కావాలి. మూతి పక్కనుంచి ఒకటి, నోరు తెరిచి చిగుళ్లు, నాలుక కనిపించేలా ఒకటి, తోక కింది భాగం ఒకటి. నాలుగోది అందరూ మరిచిపోయేది, గిట్ట పైభాగం. గిట్ట మొదలయ్యే చోట వెంట్రుకలు బొటనవేలితో పైకి తోసి చూడాలి. అక్కడ ఎర్రటి, కందిన పట్టీ కనిపిస్తే నీలినాలుక వ్యాధిని అనుమానించాలి. తోక కింద పారుడు మరకలు, ముక్కునుంచి చీమిడి, దగ్గు ఉంటే పీపీఆర్ (పారుడు వ్యాధి) వైపు చూడాలి. గిట్టల మధ్య పొక్కులు చిట్లి ఉంటే గాలికుంటు. పగటి వెలుతురులో, నీడ పడకుండా, జానెడు దూరం నుంచి తీస్తే చాలు. ఫొటో తుది నిర్ధారణ కాదు. ఏ నమూనా తీయాలో, ఎంత తొందరగా వెళ్లాలో అది చెబుతుంది.

గుర్రం కుంటును కనిపెట్టడంలో వీడియో ఇంకా లోతుకు వెళ్లింది. ముందుకాలు నొప్పి ఉన్న గుర్రం దుడుకునడకలో ఆ కాలు నేలకు ఆనగానే తల పైకెత్తుతుంది, మంచి కాలు ఆనినప్పుడు దించుతుంది. గట్టినేలమీద తిన్నగా, వదులు పగ్గంతో పరుగెత్తించి ముందునుంచి, వెనకనుంచి, పక్కనుంచి తీసిన వీడియోను నెమ్మదిగా ఆడించి చూస్తే కంటికి అందని తల ఊపు బయటపడుతుంది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో కెవిన్ కీగన్ బృందం చేసిన పరిశోధన నుంచి లేమ్‌నెస్ లొకేటర్ అనే పరికరం వచ్చింది. తలమీద ఒకటి, పిరుదుల మధ్య ఒకటి, కుడి ముందుకాలికి ఒకటి సెన్సర్లు కడితే ప్రతి అడుగులో ఎడమ కుడి తేడాను కొలుస్తుంది. స్వీడన్‌కు చెందిన స్లీప్ అనే యాప్ సెన్సర్లు కూడా లేకుండా ఫోన్ కెమెరాతోనే ఆ పని చేస్తోంది. ఇవి మన జిల్లాకు రావడానికి ఇక్కడ గుర్రాలే అరుదు. కాని ఫోన్‌లోని నెమ్మది వీడియో సౌకర్యం ఎవరికైనా ఉచితమే. కాడికి కట్టే ఎద్దు కుంటును కనిపెట్టడానికి దాన్ని వాడుకోవడంలో అడ్డేమీ లేదు.

ఎక్స్‌రే, స్కానింగ్ చిత్రాలకు డైకామ్ అనే ప్రమాణం 1993 నుంచి అమల్లో ఉంది. దీనివల్ల చిత్రంతోపాటే పశువు గుర్తు, తేదీ, కొలతలు అంటిపెట్టుకుని ఉంటాయి. ఏ ఊళ్లో తీసినా మరో ఊరి నిపుణుడు తెరిచి చూడగలడు. మొబైల్ స్కానర్‌తో చూడి నిర్ధారణ ఇప్పుడు గొర్రెల్లో కూడా సాధ్యమవుతోంది. సుమారు 150 రోజుల గొర్రె చూడిలో రెండో నెలకల్లా కట్టినవి, కట్టనివి వేరుచేస్తే కరువు రోజుల్లో ఉన్న కొద్ది దాణాను చూడివాటికి పెట్టవచ్చు. కణేకల్ లాంటి చోట ఇంతకంటే విలువైన స్కానింగ్ ఇంకొకటి లేదు.

బరువు, మోతాదు

మందు మోతాదు బరువుమీద ఆధారపడుతుంది. పల్లెలో గుర్రాన్ని, ఎద్దును తూచే కాటా ఎక్కడిది? టేపుతో కొలిచి లెక్కకట్టడం అందుకే వచ్చింది. గుర్రానికి వాడే లెక్క ఇది: ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను (సెంటీమీటర్లలో) దానితోనే గుణించి, శరీరపు పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగించాలి. చుట్టుకొలత 180, పొడవు 150 అయితే 180 × 180 × 150 = 48,60,000. భాగిస్తే సుమారు 409 కిలోలు. ఫోన్‌లో చిన్న స్ప్రెడ్‌షీటులో ఈ సూత్రం ఒకసారి రాసి పెట్టుకుంటే ప్రతిసారీ రెండు అంకెలు నింపితే చాలు, పక్క గడిలో మందు మిల్లీలీటర్లలో వస్తుంది.

గాడిదకు ఈ లెక్క పనికిరాదు, దాని ఒంటి తీరు వేరు. దానికి వేరే పట్టికలు ఉన్నాయి. మందులు కూడా గాడిద శరీరంలో వేరుగా నడుస్తాయి. గుర్రానికి నొప్పి తగ్గించే ఫినైల్‌బ్యూటజోన్ గాడిదలో ఇంకా త్వరగా అరిగిపోతుంది. గాడిదను చిన్న గుర్రంగా చూసే యాప్ ఏదైనా సరే, దానికి నష్టమే చేస్తుంది. దేశంలో గాడిదలు లక్షకు దిగిపోతున్న కాలంలో ఉన్నవాటికైనా సరైన మోతాదు అందాలి.

మందుల యాప్ ఎంచుకునేటప్పుడు మరో సంగతి చూడాలి, అది భారతదేశపు నిషేధాలను చూపిస్తుందా లేదా అన్నది. రాబందుల చావుకు కారణమైన డైక్లోఫినాక్‌ను పశువులకు వాడకుండా 2006లో నిషేధించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను 2023లో ఆపారు. విదేశీ యాప్‌లో కీటోప్రొఫెన్ ఇప్పటికీ గుర్రాలకు, ఆవులకు మామూలు మందుగానే కనిపిస్తుంది. రాబందుకు హాని చెయ్యని మెలాక్సికామ్ అందుబాటులో ఉంది.

నట్టల మందు విషయంలో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఫమాచా పద్ధతిని ఇక్కడ చెప్పాలి. గొర్రె కింది కనురెప్పను లాగి లోపలి రంగును అయిదు మెట్ల రంగుల కార్డుతో పోలుస్తారు. పాలిపోయిన వాటికే మందు పోస్తారు. రక్తం పీల్చే హిమాంకస్ పురుగు ఎక్కువగా ఉన్న మందల్లో ఇది మందు ఖర్చును తగ్గిస్తుంది, పురుగు మందుకు అలవాటుపడటాన్ని నెమ్మదింపజేస్తుంది. ఫోన్ కెమెరాతో ఈ రంగు కొలవాలన్న ప్రయత్నాల్లో ఒక చిక్కు ఉంది. ఎండలో, నీడలో ఒకే రెప్ప వేరువేరు రంగుల్లో పడుతుంది. అచ్చు కార్డే నమ్మకం.

వ్యాధి నిఘా, ముందస్తు హెచ్చరిక

బెంగళూరులోని జాతీయ పశు సాంక్రమిక వ్యాధి శాస్త్ర, వ్యాధి సమాచార సంస్థ నివేది (ఐసీఏఆర్-ఎన్ఐవీఈడీఐ) నడిపే నాడ్రెస్ అన్నిటికంటే శ్రద్ధగా చూడాల్సిన సాధనం. దశాబ్దాల వ్యాధి నమోదులు, వర్షపాతం, ఉష్ణోగ్రత, పచ్చదనం చూపే ఉపగ్రహ సమాచారం, పశువుల సంఖ్య కలిపి ఏ జిల్లాకు ఏ వ్యాధి ప్రమాదం ఎంత ఉందో రెండు నెలల ముందే నెలవారీ బులెటిన్‌లో చెబుతుంది. నీలినాలుక, పీపీఆర్, బొబ్బరోగం, చిటుకరోగం, దొమ్మరోగం, గాలికుంటు అందులో ఉన్నాయి.

రెండు నెలలు ఎందుకన్నది నీలినాలుకను చూస్తే తెలుస్తుంది. ఈ వ్యాధి గొర్రెనుంచి గొర్రెకు తాకిడితో రాదు. క్యులికాయిడిస్ అనే సన్నటి కుట్టే ఈగ మోస్తుంది. పేడ కలిసిన తడి బురదలో అది పెరుగుతుంది, పొద్దుగూకే వేళ, తెల్లవారుజామున కుడుతుంది. వాన పడ్డాక బురద, బురద తర్వాత ఈగల గుంపు, ఈగలో వైరస్ పెరగడానికి కొన్ని రోజులు, గొర్రెలో లక్షణాలు కనపడటానికి మరో వారం. దక్షిణ భారతంలో ఈ వరస సాధారణంగా వానాకాలం చివర, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మందలను దెబ్బతీస్తుంది. కణేకల్‌లో కాలువనీళ్లు, వరి మళ్లు కూడా సరిగ్గా అదే కాలంలో ఉంటాయి. అయిదు రకాల వైరస్‌లకు కలిపి తయారుచేసిన టీకా ఉంది. గొర్రె ఒంట్లో రక్షణ శక్తి పుంజుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతకంటే ముందు టీకాకు ఇండెంట్ పెట్టాలి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో తెప్పించాలి, మందలు ఎక్కడున్నాయో కనుక్కుని వెళ్లాలి. ఇదంతా లెక్కేస్తే రెండు నెలలు చాలీచాలకుండా సరిపోతాయి. మూతులు వాచాక వేసే టీకావల్ల ఆ మందకు ఒరిగేది తక్కువ.

నాడ్రెస్ హెచ్చరిక జిల్లా మొత్తానికి వస్తుంది. ఇసుకదిబ్బల ఊరికీ, కాలువ కింది ఊరికీ ఒకే రంగు పడుతుంది. మంద పేరుమీద నింపిన స్థానిక పట్టిక అవసరం ఇక్కడే తెలుస్తుంది. గడిచిన ఏళ్లలో మూతివాపు మొదట ఏ ఊళ్లో, ఏ వారంలో కనిపించింది, అంతకు ముందు వాన ఎప్పుడు పడింది అన్నది ఆ పట్టికలో ఉంటే జిల్లా హెచ్చరికను ఊరి స్థాయికి దించవచ్చు. మండలాల వర్షపాతం కోసం రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ (ఏపీఎస్‌డీపీఎస్) ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలు, మ్యాపుల కోసం హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్, ఉచిత క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. వీటిని కలిపి మంద నిలిచిన చోట్లమీద వేసిన టీకా తేదీలను చూపే ఒక్క మ్యాపు గీస్తే, ఏ ఊరు తప్పిపోయిందో కంటికి కనిపిస్తుంది. రక్తనమూనా తీసిన గొట్టంమీద ట్యాగు సంఖ్య, తేదీ, ఊరు రాయడం, దాన్ని గడ్డకట్టించకుండా మంచులో ల్యాబుకు చేర్చడం ఈ గొలుసులో చివరి లంకె. అది తెగితే ముందున్నదంతా ఊహగానే మిగులుతుంది.

గుర్రాల్లో ఈ నిఘా గ్లాండర్స్ చుట్టూ నడుస్తుంది. ఈ బ్యాక్టీరియా జబ్బు మనిషికీ సోకుతుంది. 2009 నాటి పశు అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం ఇది కనిపించిన వెంటనే అధికారులకు చెప్పాలి. నిర్ధారణ పరీక్షలు 1985లో హిసార్‌లో ఏర్పడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతాయి. ఒక్క గుర్రానికి తేలినా చుట్టుపక్కల గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదల రాకపోకలు ఆపి పరీక్షించాలి. ఆ పనికి మైక్రోచిప్, యజమాని వివరాలు, గత ప్రయాణాలు ఒకేచోట దొరకాలి. 2025 జులై 3న మీరట్ కంటోన్మెంటులోని సైనిక పశువైద్య కేంద్రానికి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 'అశ్వవ్యాధి రహిత విభాగం' గుర్తింపు ఇవ్వడం వెనక ఉన్నది ఇలాంటి రికార్డు క్రమశిక్షణే. పెళ్లి ఊరేగింపు గుర్రాలకు, ఇటుక బట్టీల గాడిదలకు ఆ వెసులుబాటు ఇంకా అందలేదు.

ఫోన్ చేస్తే వచ్చే వైద్యం

1962 దేశమంతటా పశువైద్యానికి కేటాయించిన టోల్‌ఫ్రీ నంబరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మే 19న శాసనసభ నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. కణేకల్ రాయదుర్గం నియోజకవర్గంలో ఉంది. వాహనంలో వైద్యుడు, సహాయకుడు, చిన్న ల్యాబు, పశువును ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టు ఉంటాయి. ఫోన్ చేసే కాపరి మూడు సంగతులు ముందే చెబితే వాహనం సరిగ్గా చేరుతుంది: ఊరి పేరుతోపాటు దగ్గరి గుర్తు, జబ్బుపడిన పశువులు ఎన్ని, చచ్చినవి ఎన్ని. ఒకటి చస్తే అది చికిత్స, పది చస్తే అది వ్యాప్తి. రెండింటికీ తీసుకెళ్లే సరంజామా వేరు. వాట్సాప్‌లో లొకేషన్ పంపడం నేర్పిన ఊళ్లలో వెతుకులాట తగ్గుతుంది. 2020లో మొదలైన రైతు భరోసా కేంద్రాల్లో (ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు) పనిచేసే పశుసంవర్ధక సహాయకులు ఈ సేవలకు, కాపరికి మధ్య వారధి.

ఫీజు, బీమా, గోప్యత

ప్రైవేటు వైద్యానికి యూపీఐ వచ్చాక (2016) చిల్లర సమస్య పోయింది, ప్రతి చెల్లింపుకూ లెక్క మిగిలింది. పశుబీమాలో ట్యాగు సంఖ్య, ట్యాగు కనిపించేలా కళేబరం ఫొటో, వైద్యుడి ధ్రువపత్రం కావాలి. ట్యాగు ఊడితే అదే రోజు కొత్తది వేయించి పాత సంఖ్యకు కలపాలి, లేకపోతే పరిహారం ఆగుతుంది. యజమానుల ఫోన్ నంబర్లు, ఆధార్ ప్రతులు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం అదే. జబ్బు ఫలానావాళ్ల మందలో వచ్చిందని గ్రూపులో పేరు పెడితే ఆ కుటుంబం గొర్రెలు సంతలో అమ్ముడుపోవు, మరుసటిసారి వాళ్లు ఎవరికీ చెప్పరు. మాటలనుంచి కేసు నోట్సు రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు తెలుగులోనూ వస్తున్నాయి. నోట్సుకు అవి అక్కరకొస్తాయి, మోతాదును మాత్రం పుస్తకంతో సరిచూసుకోవాలి.

వలస మందలు

ఎండలు ముదిరితే మేత, నీళ్లు వెతుక్కుంటూ మందలు కదులుతాయి. వరికోత అయిన పొలాల్లో మంద నిలిపితే రైతుకు ఎరువు, కాపరికి ధాన్యమో డబ్బో. ఈ దారిలో మండలాలు, జిల్లాలు, చివరికి రాష్ట్ర సరిహద్దు కూడా దాటతారు. కణేకల్ మంద ఒక నెల ఇక్కడ, మరో నెల కర్ణాటకలో. రెండు రాష్ట్రాల టీకా కార్యక్రమాలు వేరు నెలల్లో పడితే రెండు చోట్లా తప్పిపోయే మంద ఉంటుంది, రెండుసార్లు వేయించుకునే మందా ఉంటుంది. భారత్ పశుధన్ దేశమంతటికీ ఒకే వేదిక కావడం ఇందుకే మేలు. ట్యాగు ఉన్న గొర్రె ఎక్కడ టీకా వేయించుకున్నా అదే చరిత్రలో చేరుతుంది. ట్యాగు లేని మందకు మాత్రం కాపరి చేతిలో ఉండే కార్డే ఆధారం. మంద పేరు, టీకాల తేదీలు, నట్టల మందులు తెలుగులోనూ కన్నడంలోనూ రాసి, అదే సమాచారానికి క్యూఆర్ కోడు అచ్చువేసి, తడవని కవరులో ఇవ్వాలి. ఫోన్ చార్జింగు అయిపోయినా ఆ కార్డు చదవవచ్చు, పక్క రాష్ట్రపు వైద్యుడు కోడు చూపించి తన ఫారంలోకి ఎక్కించుకోవచ్చు.

ఈ మందలను లెక్కలోకి తేవడం ఇప్పుడే మొదలైంది. 2019 గణనలో తొలిసారి ట్యాబులు వాడారు. 2024 అక్టోబరు 25న ప్రారంభించిన 21వ పశుగణనలో సంచార పశుపోషకులను, వాళ్ల మందలను మొట్టమొదటిసారి ప్రత్యేకంగా నమోదు చేశారు. అంతకు ముందు గణన సిబ్బంది ఇంటింటికీ వెళ్లిన రోజున ఊళ్లో లేని మంద లెక్కలో పడటం కష్టంగా ఉండేది. టీకాల ఇండెంట్లు, వైద్యుల పోస్టులు, సంచార వాహనాల కేటాయింపు పశువుల సంఖ్యను చూసే నిర్ణయిస్తారు కాబట్టి, దారిలో ఉన్న మంద నమోదైతే దాని వాటా మందు కూడా దారిలోకి వస్తుంది.